నష్టోద్దిష్టాలు – ప్రమేయ భావన : ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సమితిలోని ప్రతి మూలకానికీ మరొక సమితిలోని ఒకే ఒక మూలకాన్ని జతచేసే సంబంధాన్ని ఆధునిక గణితం ప్రమేయం అంటుంది. ఈ నిర్వచనం స్థిరపడటానికి ఐరోపాలో రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. భారతీయ శాస్త్రాల్లో త్రైరాశికం, జ్యాపట్టికలు, ఛందశ్శాస్త్రంలోని నష్టోద్దిష్ట ప్రక్రియలు ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు నడిచే నియమబద్ధ పద్ధతులుగా చాలాకాలం ముందే ఉన్నాయి. ఈ పద్ధతుల్లో ప్రమేయ లక్షణాలు ఏ మేరకు ఉన్నాయో, ప్రమేయమనే సాధారణ భావనకూ వాటికీ ఉన్న భేదమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో నిలిచిన ‘ప్రమేయం’ అనే పదం అర్థచ్ఛాయలనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రమేయం, త్రైరాశికం, జ్యాపట్టిక, షట్ప్రత్యయాలు, ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, ద్విగుణ ప్రమేయం.

1. ఉపోద్ఘాతం

తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ గణితం చదివినవారికి ‘ప్రమేయాలు’ అనే అధ్యాయం పరిచితమే. దానిలోని నిర్వచనం క్లుప్తంగా ఉంటుంది. రెండు సమితులు ఉంటాయి. మొదటిది ప్రదేశం, రెండవది సహప్రదేశం. ప్రదేశంలోని ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒక ప్రతిబింబం ఉండాలి. ఆ ప్రతిబింబం ఒకటే అయి ఉండాలి. ఈ రెండు నియమాలనూ పాటించే సంబంధమే ప్రమేయం. యంత్రపరిభాషలో చెప్పాలంటే, అనుమతించిన ప్రతి ఇన్‌పుట్‌కూ ఒక అవుట్‌పుట్ రావాలి. ఒకే ఇన్‌పుట్‌కు ఒకసారి ఒకటి, మరోసారి వేరొకటి రాకూడదు.

నిర్వచనంలో సంఖ్యల ప్రసక్తి లేదు, సమీకరణం ప్రసక్తీ లేదు. అయినా ప్రమేయమంటే ‘ఎక్స్’ ఉన్న ఒక సూత్రమేనన్న అభిప్రాయం విద్యార్థుల్లో బలంగా ఉంటుంది. అది వారి లోపమేమీ కాదు. 18వ శతాబ్దంలో ఐరోపాలోని అగ్రశ్రేణి గణితవేత్తలు సైతం అలాగే భావించారు. సూత్రం నుంచి సంబంధానికి జరిగిన ప్రయాణమే ప్రమేయ భావన చరిత్ర.

ఈ చరిత్రను తెలుగులో చెప్పేటప్పుడు రెండు అతివాదాలు ఎదురవుతాయి. ఆధునిక గణితమంతా మన శాస్త్రాల్లో ముందే ఉందన్నది మొదటిది. ఈ భావనలన్నీ పూర్తిగా పరాయివని, మన శాస్త్రసంప్రదాయంతో వాటికి సంబంధమే లేదని రెండవది. ఈ రెండింటినీ పక్కనపెట్టి, ఆధారాలున్న చోట ఏమి ఉందో, ఏమి లేదో విడివిడిగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ప్రధాన ఆధారంగా తెలుగు సాహిత్య విద్యార్థులకు దగ్గరి విషయమైన ఛందశ్శాస్త్రాన్ని స్వీకరించడమైనది.

2. ‘ప్రమేయం’ – పదవిచారం

ఒకే గణితభావనకు భారతీయ భాషలు వేర్వేరు పేర్లు పెట్టుకున్నాయి. హిందీలో ‘ఫలన్’ అంటారు. ఇక్కడ దృష్టి వచ్చే ఫలంమీద ఉంది. తమిళంలో ‘సార్బు’ అంటారు. ఆధారపడి ఉండటం ఆ పదం అర్థం. బెంగాలీలో ‘అపేక్షక్’ అన్నది వాడుకలో ఉంది. అదీ ఒకదాన్ని మరొకటి అపేక్షించడాన్నే సూచిస్తుంది. తెలుగు ‘ప్రమేయం’ను ఎంచుకుంది. అయితే హిందీ, మరాఠీ, కన్నడ భాషల్లో ‘ప్రమేయ’ అంటే తెలుగులో సిద్ధాంతం అని పిలిచేది. పైథాగరస్ సిద్ధాంతం అక్కడ పైథాగరస్ ప్రమేయ అవుతుంది. తత్సమ పదమైనంత మాత్రాన భాషలన్నింటా ఒకే పారిభాషికార్థం ఉండదనడానికి ఇది మంచి నిదర్శనం.

తెలుగు పాఠకుడికి ఈ పదం మూడు అర్థచ్ఛాయలను అందిస్తుంది. మొదటిది శాస్త్రార్థం. న్యాయదర్శనం చెప్పిన పదహారు పదార్థాల్లో ప్రమాణం మొదటిది, ప్రమేయం రెండవది. తెలుసుకునే సాధనం ప్రమాణమైతే, తెలుసుకోవలసిన విషయం ప్రమేయం. రెండవది ధాత్వర్థం. ‘మా’ ధాతువుకు కొలవడమన్న అర్థం ఉంది కనుక, కొలవదగినది ప్రమేయం. మూడవది వ్యవహారార్థం. ‘నా ప్రమేయం లేకుండానే ఇదంతా జరిగింది’ అనే వాక్యంలో ప్రమేయమంటే జోక్యం, పాత్ర, సంబంధం.

గణితార్థానికి అన్నింటికంటే దగ్గరగా వచ్చేది ఈ మూడవ ఛాయే. ఒక రాశి విలువ మరొక రాశి ప్రమేయంతో నిర్ణయమవుతుందని చెప్పినప్పుడు తెలుగు చెవికి అది సహజంగా వినిపిస్తుంది. అయితే ఈ ఛాయకూ ఒక హద్దు ఉంది. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ వచ్చే స్థిర ప్రమేయంలో ఇన్‌పుట్‌ ‘ప్రమేయం’ ఏమీ కనిపించదు. అయినా నిర్వచనం ప్రకారం అది ప్రమేయమే. ఈ చిక్కు ఒక్క తెలుగు పదానిది కాదని, ఐరోపా గణితచరిత్రలోనూ ఇదే తలెత్తిందని ఆరవ భాగంలో చూడవచ్చు.

3. త్రైరాశికం – ఇచ్ఛ నుంచి ఫలానికి

ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ స్పష్టమైన పేర్లు పెట్టిన ప్రాచీన భారతీయ గణితపద్ధతి త్రైరాశికం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో దీని నియమం ఉంది. ఇందులో మూడు రాశులు తెలిసినవి: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. తెలియవలసినది ఇచ్ఛాఫలం. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. 5 కిలోల బియ్యం 300 రూపాయలైతే 8 కిలోలు ఎంత? ఇక్కడ 5 ప్రమాణం, 300 ఫలం, 8 ఇచ్ఛ, ఇచ్ఛాఫలం 480.

ఈ పదాల ఎంపిక గమనించదగినది. ప్రమాణం, ఫలం ఒకసారి నిర్ణయమైతే మారవు. మారేది ఇచ్ఛ. పేరులోనే కోరినంత తీసుకోవచ్చన్న సూచన ఉంది. ఇచ్ఛ మారినకొద్దీ దానికి తగిన ఇచ్ఛాఫలం వస్తుంది. స్వతంత్ర చలరాశి, పరతంత్ర చలరాశి అని నేడు చెప్పే జంటకు ఇది సన్నిహితంగా ఉంది. ఇచ్ఛ పెరిగితే ఫలం తగ్గే సందర్భాలకు వ్యస్త త్రైరాశికాన్ని విడిగా చెప్పారు. ఆరుగురు 10 రోజుల్లో చేసే పనిని నలుగురు 15 రోజుల్లో చేస్తారనే లెక్క ఆ కోవలోనిది. గణితమంతటా త్రైరాశికం వ్యాపించి ఉందని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో ప్రశంసించాడు. మహావీరాచార్యుని 9వ శతాబ్దపు గణితసారసంగ్రహంలోనూ త్రైరాశికానికి ప్రత్యేక వ్యవహారం ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తేవడంతో తెలుగులో శాస్త్రరచనకు దారి ఏర్పడింది.

అవుట్‌పుట్ తెలిసి ఇన్‌పుట్‌ను వెతికే విలోమవిధి కూడా ఆర్యభటీయంలోనే ఉంది. గుణకం భాజకమవుతుంది, భాజకం గుణకమవుతుంది, కూడిక తీసివేత అవుతుంది, తీసివేత కూడిక అవుతుంది. ఒక సంఖ్యను 3తో గుణించి, 5 కలిపి, 2తో భాగిస్తే 10 వచ్చిందనుకుంటే, 10ని 2తో గుణించి, 5 తీసి, 3తో భాగిస్తే మొదటి సంఖ్య 5 దొరుకుతుంది. విలోమ ప్రమేయానికి బీజం ఇక్కడ కనిపిస్తుంది.

అయినా త్రైరాశికం ఒకే రకమైన సంబంధం. దానిలో ఇచ్ఛను రెట్టింపు చేస్తే ఫలం రెట్టింపవుతుంది. ప్రకృతిలోని సంబంధాలన్నీ ఇలా ఉండవు. ఆ విషయం జ్యోతిశ్శాస్త్రంలో తేటతెల్లమయింది.

4. జ్యాపట్టిక – పట్టిక, అంతరం, సూత్రం

గ్రహస్థానాలను లెక్కించడానికి చాపం ఇచ్చినప్పుడు దాని జ్య ఎంతో తెలియాలి. చాపం ఇన్‌పుట్, జ్య అవుట్‌పుట్. చాపం రెట్టింపైతే జ్య రెట్టింపు కాదు. ఆర్యభటుడు వృత్తపాదాన్ని 24 సమభాగాలు చేసి, ఒక్కొక్కటి 225 కళలుగా తీసుకొని, వ్యాసార్ధాన్ని 3438 కళలుగా గ్రహించి, గీతికాపాదంలోని ఒకే పద్యంలో 24 సంఖ్యలను ఇమిడ్చాడు. అవి జ్యలు కావు, వరుస జ్యల మధ్య అంతరాలు. 225, 224, 222, 219, 215, 210, 205, 199 అంటూ మొదలై చివరికి 7 దగ్గర ముగుస్తాయి. మొదటి ఎనిమిదింటినీ కూడితే 1719 వస్తుంది. అది 30 అంశల చాపానికి జ్య. 3438లో సరిగ్గా సగం. ఇరవైనాలుగింటినీ కూడితే 3438 వస్తుంది.

విలువలను కాక అంతరాలను ఇవ్వడంలో ఒక సూక్ష్మదృష్టి ఉంది. ఇన్‌పుట్ సమానమైన అడుగులు వేస్తున్నప్పుడు అవుట్‌పుట్ అడుగులు క్రమంగా చిన్నవవుతున్న తీరు ఈ వరుసలో కంటికి కనిపిస్తుంది. పట్టికలో లేని చాపానికి రెండు విలువల మధ్య త్రైరాశికాన్ని వాడేవారు. 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకంలో అంతరాల మధ్య అంతరాన్ని కూడా లెక్కలోకి తీసుకొని ఈ అంచనాను మెరుగుపరిచాడు.

అదే శతాబ్దంలో మొదటి భాస్కరుడు మహాభాస్కరీయంలో పట్టిక అవసరమే లేని మార్గాన్ని చెప్పాడు. చాపాంశలను 180 నుంచి తీసివేసి, మిగిలినదాన్ని చాపాంశలతోనే గుణించాలి. ఆ లబ్దానికి నాలుగు రెట్లను, 40500లో నుంచి అదే లబ్దాన్ని తీసివేయగా మిగిలినదానితో భాగిస్తే, వ్యాసార్ధం ఒకటిగా ఉన్నప్పటి జ్య వస్తుంది. 30 అంశలకు లబ్దం 4500. 18000ను 36000తో భాగిస్తే సరిగ్గా సగం. 60 అంశలకు 0.8649 వస్తుంది, నిజమైన విలువ 0.8660. ఇది ఉజ్జాయింపే అయినా ప్రమేయచరిత్ర దృష్ట్యా ముఖ్యమైనది. చాపానికీ జ్యకూ ఉన్న ఒకే సంబంధం క్షేత్రంలో గీతగా, పట్టికలో సంఖ్యలుగా, భాస్కరుని నియమంలో సూత్రంగా మూడు రూపాల్లో నిలిచింది. సంబంధం వేరు, దాన్ని వ్యక్తం చేసే రూపం వేరు అన్న వివేకానికి సామగ్రి ఇక్కడ సిద్ధంగా ఉంది. 14వ శతాబ్దం నాటి సంగమగ్రామ మాధవుడు జ్యను అనంతశ్రేణిగా వ్యక్తం చేశాడు. ఆ ఫలితానికి ఉపపత్తులను 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాషలో మలయాళ వచనంలో వివరించాడు.

5. నష్టోద్దిష్టాలు – రూపం నుంచి సంఖ్యకు, సంఖ్య నుంచి రూపానికి

పైన చూసినవన్నీ సంఖ్య నుంచి సంఖ్యకు నడిచే సంబంధాలు. సంఖ్య కానిదాన్ని ఇన్‌పుట్‌గా తీసుకొని సంఖ్యను అవుట్‌పుట్‌గా ఇచ్చే పద్ధతి ఛందశ్శాస్త్రంలో ఉంది. పింగళుని ఛందస్సూత్రాల్లో మొదలై, కేదారభట్టు వృత్తరత్నాకరంలో షట్ప్రత్యయాలుగా ప్రసిద్ధమైన ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, లగక్రియ, సంఖ్య, అధ్వయోగం అనే ఆరు ప్రక్రియల్లో నష్టోద్దిష్టాలు ఇందుకు సంబంధించినవి.

ఒక పాదంలోని అక్షరాల సంఖ్య నిర్ణయమైతే, గురులఘువుల కూర్పులన్నింటినీ ఒక క్రమంలో రాయడం ప్రస్తారం. మూడక్షరాలకు ఎనిమిది కూర్పులు వస్తాయి. ప్రస్తారక్రమంలో అవి మ, య, ర, స, త, జ, భ, న గణాలు. ఒక కూర్పును చూపి అది ప్రస్తారంలో ఎన్నవదని అడిగితే, సమాధానమిచ్చే ప్రక్రియ ఉద్దిష్టం. అక్షరాలమీద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేస్తూ అంకెలు వేయాలి. లఘువుల మీద ఉన్న అంకెలను మాత్రమే కూడి, ఒకటి కలపాలి. జగణం లఘువు, గురువు, లఘువు. లఘువులపై ఉన్నవి 1, 4. వాటి మొత్తం 5. ఒకటి కలిపితే 6. జగణం ఆరవది.

ఎన్నవదో చెప్పి కూర్పును అడిగితే సమాధానమిచ్చేది నష్టం. ప్రస్తారంలో ఆ వరుస ‘నష్టమై’ పోయిందనుకొని తిరిగి రాబట్టడం కనుక ఆ పేరు. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 6 సరి కనుక లఘువు, సగం 3. 3 బేసి కనుక గురువు. 4లో సగం 2. 2 సరి కనుక లఘువు. జగణం తిరిగి వచ్చింది.

తెలుగు ఛందోగ్రంథాల్లో ఉత్పలమాలను కృతి ఛందంలో 355799వ వృత్తంగా, చంపకమాలను ప్రకృతి ఛందంలో 711600వ వృత్తంగా పేర్కొనడం పాఠకులకు తెలిసినదే. ఈ సంఖ్యలను కంఠస్థం చేయడమే తప్ప అవి ఎలా వచ్చాయో విచారించడం అరుదు. ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, ల, గ. ఇరవై అక్షరాల్లో 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో లఘువులు ఉన్నాయి. వాటిపై పడే అంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. మొత్తం 355798. ఒకటి కలిపితే 355799. ఇప్పుడు వెనక్కి నడిస్తే, 355799 బేసి కనుక గురువు, తర్వాతి సంఖ్య 177900. అది సరి కనుక లఘువు, తర్వాత 88950. అదీ సరి కనుక లఘువు, తర్వాత 44475. భగణం వచ్చింది. 44475 బేసి, గురువు. 22238 సరి, లఘువు. 11119 బేసి, గురువు. రగణం వచ్చింది. ఇలా ఇరవై అడుగుల్లో ఉత్పలమాల పాదం పూర్తిగా దొరుకుతుంది.

ఆధునిక పరిభాషలో దీన్ని ఇలా చెప్పవచ్చు. ఇరవై అక్షరాల గురులఘు కూర్పుల సమితి ప్రదేశం. 1 నుంచి 1048576 వరకు ఉన్న సంఖ్యల సమితి సహప్రదేశం. ప్రతి కూర్పుకూ ఒకే సంఖ్య వస్తుంది కనుక ఉద్దిష్టం ప్రమేయం. రెండు వేర్వేరు కూర్పులకు ఒకే సంఖ్య రాదు కనుక అది అన్వేకం. ఏ సంఖ్యా ఖాళీగా మిగలదు కనుక అది సంగ్రస్తం. రెండు గుణాలూ ఉన్నాయి కనుక ద్విగుణ ప్రమేయం. ద్విగుణ ప్రమేయానికి మాత్రమే విలోమ ప్రమేయం ఉంటుంది. ఆ విలోమమే నష్టం.

విలోమం సాధ్యం కాని సంబంధాలూ ఛందస్సులోనే ఉన్నాయి. ఒక కూర్పులో గురువులెన్ని అని అడిగితే ఒకే సమాధానం వస్తుంది, అది ప్రమేయమే. కాని సమాధానం నుంచి కూర్పును రాబట్టలేము. ఉత్పలమాలలో 8 గురువులు ఉన్నాయి. అయితే ఇరవై అక్షరాల్లో సరిగ్గా 8 గురువులున్న కూర్పులు 125970. ఇలాంటి లెక్కలకు ఉద్దేశించినదే లగక్రియ. 10వ శతాబ్దపు వ్యాఖ్యాత హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారం వాటిని పట్టికగా చూపుతుంది. అలాగే పద్యపాదం నుంచి గురులఘు కూర్పుకు వెళ్లడమూ ప్రమేయమే. కాని అసంఖ్యాక పాదాలకు అదే కూర్పు. 355799 అనే సంఖ్య నుంచి ఉత్పలమాల లక్షణాన్ని రాబట్టవచ్చు. భారతంలోని ఒక ఉత్పలమాల పద్యాన్ని రాబట్టలేము. ఏ మెట్టు దగ్గర సమాచారం నిలుస్తుందో, ఏ మెట్టు దగ్గర జారిపోతుందో ఈ రెండు ఉదాహరణలు చూపుతాయి.

ప్రదేశాన్ని సరిగా నిర్ణయించకపోతే ప్రమేయమే ఏర్పడదన్న సంగతికీ ఇక్కడే ఉదాహరణ దొరుకుతుంది. అక్షరాన్ని ఇన్‌పుట్‌గా తీసుకొని గురువో లఘువో చెప్పమంటే సమాధానం స్థిరంగా ఉండదు. ‘సభ’లోని ‘స’ లఘువు. ‘సత్య’లోని ‘స’ గురువు. ఒకే ఇన్‌పుట్‌కు రెండు అవుట్‌పుట్‌లు వస్తున్నాయి కనుక ఇది ప్రమేయం కాదు. అక్షరంతోపాటు దాని తర్వాతి అక్షరాన్ని, పదాంతం, సమాసం వివరాలను కూడా ఇన్‌పుట్‌లో చేర్చితేనే సమాధానం ఒకటవుతుంది. ఛందస్సును గుర్తించే సాఫ్ట్‌వేర్ రూపొందించేవారు మొదట పరిష్కరించుకోవలసిన ప్రశ్న ఇదే.

6. ఐరోపాలో – సూత్రం నుంచి సంబంధానికి

ప్రమేయమన్న సాధారణ భావనకు పేరు పెట్టడం 17వ శతాబ్దపు ఐరోపాలో మొదలైంది. 1637లో డెకార్ట్ వక్రరేఖలను సమీకరణాలతో ముడిపెట్టాడు. పడే వస్తువు ప్రయాణించే దూరం కాలవర్గానికి అనుపాతంలో ఉంటుందని 1638లో గెలీలియో ప్రచురించాడు. ఈ నేపథ్యంలో 1673 నాటి రాతప్రతిలో లైబ్నిజ్ ‘ఫంక్షన్’ అనే పదాన్ని వక్రరేఖకు సంబంధించిన రాశుల సందర్భంలో వాడాడు. 1718లో యోహాన్ బెర్నూలీ చలరాశితో, స్థిరరాశులతో ఏ రీతిలోనైనా కూర్చిన రాశిగా దాన్ని నిర్వచించాడు. ‘ఎఫ్’ అక్షరంతో ప్రమేయాన్ని సూచించే పద్ధతిని 1730లలో ఆయిలర్ ప్రవేశపెట్టాడు.

1748లో వెలువడిన గ్రంథంలో ఆయిలర్ ప్రమేయాన్ని విశ్లేషణాత్మక వ్యక్తీకరణగా, అంటే ఒక సూత్రంగా నిర్వచించాడు. చలరాశి ఉన్నట్టు కనిపించినా విలువ మారని వ్యక్తీకరణలను ఆయన నిజమైన ప్రమేయాలుగా అంగీకరించలేదు. ఏ రాశినైనా సున్నా ఘాతానికి హెచ్చిస్తే ఒకటే వస్తుంది. కనుక అది ప్రమేయంలా కనిపించే స్థిరరాశి మాత్రమేనని ఆయన అభిప్రాయం. రెండవ భాగంలో ప్రస్తావించిన చిక్కు ఇదే. ప్రమేయమంటే ‘మార్పు’ అనుకున్నంతకాలం స్థిర ప్రమేయానికి చోటు లేదు. నేటి నిర్వచనం ప్రకారం ‘ఉత్పలమాల పాదం – దాని అక్షరాల సంఖ్య’ అనే సంబంధం నిస్సంకోచంగా ప్రమేయమే. ఏ పాదం ఇచ్చినా అవుట్‌పుట్ 20.

సూత్రపరిధిని దాటవలసిన అవసరం భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. 1747లో డాలంబేర్ కంపించే తీగ సమస్యను పరిష్కరించాడు. మీటడానికి ముందు తీగను ఏ ఆకారంలోనైనా లాగిపట్టవచ్చు కదా, ఆ ఆకారానికి ఒకే సూత్రం ఉండి తీరాలా అన్న వాదం డాలంబేర్, ఆయిలర్, డేనియల్ బెర్నూలీల మధ్య సాగింది. 1755లో ఆయిలర్ మరొక నిర్వచనం ఇచ్చాడు. ఒక రాశి మారినప్పుడు దానిపై ఆధారపడిన రాశి కూడా మారితే, ఆ రెండవది మొదటిదాని ప్రమేయం. సూత్రం స్థానంలో ఆధారపడటం వచ్చింది. ఉష్ణప్రసారంపై పరిశోధించిన ఫూరియే 1807లో సమర్పించిన పత్రంలోనూ, 1822 నాటి గ్రంథంలోనూ ఇష్టం వచ్చినట్టు గీసిన రేఖలను సైతం త్రికోణమితి శ్రేణులతో వ్యక్తం చేయవచ్చని వాదించి ప్రశ్నను మరింత పదునెక్కించాడు.

1829లో డిరిష్లే ఒక వింత ఉదాహరణ ఇచ్చాడు. ఇన్‌పుట్ అకరణీయ సంఖ్య అయితే ఒక స్థిరవిలువ, కరణీయ సంఖ్య అయితే మరొక స్థిరవిలువ. దీన్ని రేఖగా గీయడం అసాధ్యం. అయినా ప్రతి ఇన్‌పుట్‌కూ ఒకే అవుట్‌పుట్ ఉంది. 1837లో ఆయన అవిచ్ఛిన్న ప్రమేయాల సందర్భంలో, ప్రదేశమంతటా ఒకే నియమం వర్తించనక్కరలేదని, గణితక్రియలతో వ్యక్తం చేయగలగడమూ అవసరం లేదని స్పష్టం చేశాడు. 1888లో డెడెకిండ్ సంఖ్యల హద్దును కూడా దాటి, ఏ వస్తుసముదాయం నుంచైనా ప్రతి వస్తువుకూ ఒక ప్రతిబింబాన్ని నిర్ణయించే చిత్రణగా భావనను విస్తరించాడు. 1914లో హౌస్‌డార్ఫ్ దాన్ని క్రమయుగ్మాల సమితిగా చూపాడు. 1939లో బూర్బకీ బృందం ఇచ్చిన నిర్వచనంతో నేటి పాఠ్యపుస్తక రూపం దాదాపుగా స్థిరపడింది.

7. పద్ధతి, భావన – భేదాభేదాలు

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టినప్పుడు రెండు విషయాలు స్పష్టమవుతాయి. నష్టోద్దిష్టాల్లో ఇన్‌పుట్ సంఖ్య కాదు, గురులఘు రూపం. ప్రతి రూపానికీ ఒకే సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఒకే రూపం ఉన్నాయన్న ఎరుక మీదనే ఆ ప్రక్రియలు నిలబడ్డాయి. సంఖ్యేతర వస్తువులకు వర్తించే చిత్రణను డెడెకిండ్ సాధారణభావనగా చెప్పిన కాలంతో పోలిస్తే ఇది ఎంతో ముందుది.

అయితే నష్టోద్దిష్టాలు ఒక ప్రత్యేక ప్రశ్నకు సమాధానమిచ్చే పద్ధతులు. త్రైరాశికం వ్యవహారానికి, జ్యాపట్టిక గ్రహగణితానికి, ఉద్దిష్టం ఛందస్సుకు చెందాయి. ఈ మూడూ ఒకే జాతివని చెప్పే ఉమ్మడి పేరు ఆ శాస్త్రాలు ఇవ్వలేదు. ఇచ్ఛాఫలం, జ్య, వృత్తసంఖ్య అని అవుట్‌పుట్‌లకు పేర్లున్నాయి. ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌తో కలిపే సంబంధానికే ఒక పేరు పెట్టి, దాని లక్షణాలను స్వతంత్రంగా చర్చించడం ఐరోపాలో 1673 తర్వాత జరిగిన పరిణామం. అన్వేకం, సంగ్రస్తం అన్న విభాగాలు అలా పేరు పెట్టిన తరువాతే సాధ్యమయ్యాయి.

పద్ధతి ఉన్నంత మాత్రాన భావన ఉందనడం కాలవ్యత్యయ దోషం. భావనకు పేరు లేదు కనుక పద్ధతిలో గణితమే లేదనడం అంతకంటే పెద్ద దోషం. పద్ధతి లోతును దాని పరిధిలోనే కొలిచి, ఆ తరువాత పోల్చడం సరైన మార్గం.

ఈ వివేకానికి బోధనాప్రయోజనం కూడా ఉంది. ప్రమేయాన్ని బోధించే గణిత అధ్యాపకుడికి గణవిభజన, ఉద్దిష్టం మంచి ఉదాహరణలు. సూత్రం లేని ప్రమేయం, విలోమం ఉన్న ప్రమేయం, విలోమం లేని ప్రమేయం అన్నీ తెలుగు పద్యంలోనే చూపవచ్చు. ఛందస్సు బోధించే తెలుగు అధ్యాపకుడికి వృత్తసంఖ్య కంఠస్థ విషయంగా కాక, విద్యార్థి తానే కనుగొనగల సత్యంగా మారుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగులో ‘ప్రమేయం’ అనే పదం వ్యవహారార్థంలో ఆధారపడే సంబంధాన్ని చక్కగా సూచిస్తుంది. స్థిర ప్రమేయం దగ్గర ఆ అర్థం చాలదు. అక్కడ నిర్వచనమే ప్రమాణం.

2. త్రైరాశికంలోని ఇచ్ఛ, ఇచ్ఛాఫలాలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ జంటకు స్పష్టమైన పూర్వరూపాలు. జ్యాపట్టిక, మొదటి భాస్కరుని నియమం ఒకే సంబంధం భిన్నరూపాల్లో వ్యక్తం కాగలదని చూపుతాయి.

3. ఉద్దిష్టం ద్విగుణ ప్రమేయ లక్షణాలన్నీ ఉన్న ప్రక్రియ. నష్టం దాని విలోమం. గురుసంఖ్య, గణవిభజన విలోమం లేని ప్రమేయాలు.

4. సంబంధాన్నే స్వతంత్ర విషయంగా గ్రహించి పేరు పెట్టడం 17వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు ఐరోపాలో దశలవారీగా జరిగింది. భారతీయ పద్ధతులను ఆ భావనతో పోల్చవచ్చు, సమీకరించకూడదు.

తెలుగు లక్షణగ్రంథాల్లోని షట్ప్రత్యయ ప్రకరణాలను, తెలుగు గణితగ్రంథాల్లోని త్రైరాశిక పద్యాలను ఈ దృష్టితో కలిపి పరిశీలించినప్పుడు, సాహిత్యశాస్త్రమూ గణితశాస్త్రమూ ఒకే పండితసమాజంలో ఎలా ఇచ్చిపుచ్చుకున్నాయో మరింత నిర్దిష్టంగా చెప్పే వీలు కలుగుతుంది.